తీగ లాగితే డొంకంతా కదలాలా? ఎలక్ట్రిక్ గిటార్‌కు టెయిల్‌పీస్ ఎంచుకోవడం

గిటార్ కొనడానికి తిరుపతి నుంచి చెన్నై బస్సెక్కే పిల్లలు నన్ను ముందు పికప్‌ల గురించి అడుగుతారు, తర్వాత కంపెనీ, తర్వాత రంగు. టెయిల్‌పీస్ గురించి అడిగేవాళ్లు చాలా అరుదు. కొన్న రెండు మూడు నెలలకు అదే గిటార్ తీసుకొచ్చి చెప్పుకునే బాధల్లో మాత్రం సగం దాని చుట్టూనే తిరుగుతాయి. శ్రుతి నిలవడం లేదంటారు. తీగలు మార్చాలంటే ఒక పూట పోతోందంటారు.

పోయిన మే నెలలో, గంగ జాతర రోజుల్లో, చిత్తూరు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. ముందు రోజు రాత్రి ఇక్కడే ఒక స్టేజీ మీద ఆర్కెస్ట్రాలో వాయించాడట. "ఫస్టు పాటలోనే సన్న తీగ తెగిపోయిందన్నా. తెగినాక మిగతా అయిదూ పైకెక్కి కూర్చున్నాయి. మళ్లా శ్రుతి చేసుకునే లోపల మూడు పాటలు అయిపోయినాయి" అన్నాడు. చెబుతుంటే గొంతు పూడుకుపోతోంది. ఆ ప్రోగ్రాం కోసం వాడు నెల రోజులు ప్రాక్టీసు చేశాడు. తప్పు వాడి చేతిది కాదు, కొనేటప్పుడు ఎవరూ చెప్పని ఒక్క విషయానిది. అది ఇప్పుడు చెబుతాను.

గిటార్ తీగకు రెండు చివరలు. పై చివర ట్యూనింగ్ కీకి చుట్టుకుని ఉంటుంది. కింది చివరను పట్టుకునేదే టెయిల్‌పీస్. తీగ మోగే పొడవు ఎక్కడ ముగుస్తుందో అది బ్రిడ్జ్. కొన్ని గిటార్లలో ఈ రెండూ వేర్వేరు, కొన్నింటిలో ఒకే ముక్క రెండు పనులూ చేస్తుంది. మామూలు 10 నంబర్ తీగల సెట్టు వేసి శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి దాదాపు 45 కిలోల బలంతో ఆ ముక్కను లాగుతుంటాయి. ఆ బలాన్ని చెక్కకు బిగించిన స్టడ్‌లు, అంటే లావు స్క్రూలు, ఆపుతున్నాయా, వెనక స్ప్రింగులు ఆపుతున్నాయా అన్నదే అసలు తేడా. మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

షాపులోనే చేసి చూడగలిగిన పరీక్ష ఒకటుంది. గిటార్ సరిగ్గా శ్రుతి చేయండి. మూడో తీగను (అన్నిటికంటే సన్నది మొదటిది) ఏడో ఫ్రెట్ దగ్గర నొక్కి, పక్కకు లాగి ఒక పూర్తి స్వరం పైకి బెండ్ చేయండి. ఆ స్వరం ఖాళీగా వదిలిన మొదటి తీగ స్వరంతో కలిసిపోవాలి. ఇప్పుడు రెండింటినీ కలిపి మోగించండి. బ్రిడ్జ్ కదలని గిటార్ అయితే రెండూ ఒకే గొంతులా కలుస్తాయి. స్ప్రింగుల మీద తేలుతున్న బ్రిడ్జ్ అయితే మీరు మూడో తీగను లాగేకొద్దీ మొదటి తీగ మెల్లగా కిందికి జారుతుంది, రెండింటి మధ్య వణుకు పుడుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలిందని మన పెద్దలు దేని గురించి అన్నారో గానీ, ఈ గిటార్ విషయంలో అది అక్షరాలా నిజం. ఒక తీగ లాగితే బ్రిడ్జ్ ముందుకు వంగుతుంది, మిగతా అయిదూ వదులవుతాయి. ఒక తీగ తెగితే స్ప్రింగులది పైచేయి అవుతుంది, బ్రిడ్జ్ వెనక్కి పోతుంది, మిగిలినవన్నీ బిగుసుకుని శ్రుతి పైకెక్కుతుంది. చిత్తూరు కుర్రాడికి జరిగింది ఇదే.

మన వాయింపుకు ఇది మామూలు విషయం కాదు. మనం సినిమా పాట వాయించినా, భజన వాయించినా, చర్చిలో వాయించినా స్వరాన్ని లాగకుండా, ఊపకుండా ఉండలేం. గమకం మనకు ఒంట్లో ఉంది. ఇక్కడి సంగీత కళాశాలలో పాట నేర్చుకుంటూ ఇంట్లో గిటార్ పట్టే పిల్లలైతే ఒక తీగను సా మీద మోగనిస్తూ పక్క తీగ మీద రాగం పలికిస్తుంటారు. ఆ సా కదిలిపోతే ఇంకేం మిగిలింది? మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద అంత సంగీతం పలికించారు. ఆ గమకాలన్నీ ఎడమ చేతి వేళ్లతోనే పుట్టాయి, బ్రిడ్జ్‌ను చేత్తో ఊపే కడ్డీ ఏదీ లేదు. అందుకే నా సలహా మొదటి నుంచీ ఒకటే: ఊగే బ్రిడ్జ్ మీకు ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, కదలనిదే కొనండి.

కదలనివి

వీటిలో ఎక్కువగా కనిపించేది స్టాప్ బార్. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్, ఎస్‌జీ తరహా గిటార్లలో బ్రిడ్జ్ వెనక అడ్డంగా ఉండే లోహపు దిమ్మె అది. రెండు లావు స్టడ్‌ల మీద కూర్చుంటుంది. గిబ్సన్ కంపెనీ కూడా మొదటి దెబ్బకే దీన్ని పట్టుకోలేదు. 1952లో వచ్చిన మొదటి లెస్ పాల్ గిటార్లకు వెనక నుంచి కడ్డీలతో వచ్చే ట్రపీజ్ టెయిల్‌పీస్ పెట్టారు. తీగలు దాని అడ్డకడ్డీ కింద నుంచి చుట్టుకునేవి. దాంతో కుడి అరచేతిని తీగల మీద ఆనించి శబ్దాన్ని అణచడం కుదరలేదు. 1953లో తీగలు పైనుంచి చుట్టుకునే ఒకే ముక్క బ్రిడ్జ్ వచ్చింది. 1954లో లెస్ పాల్ కస్టమ్ మీద ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జ్, దాని వెనక స్టాప్ బార్ వచ్చాయి. ప్రతి తీగ పొడవును విడిగా సర్దుకునే వీలు దాంతో దొరికింది. డెబ్బై ఏళ్లు దాటినా ఈ జత మారలేదంటే కారణం ఉంది: పాడవడానికి ఇందులో ఏమీ లేదు.

స్టాప్ బార్ ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. దాన్ని బాడీకి ఆనేదాకా బిగించాలా, పైకి ఎత్తాలా? పూర్తిగా బిగిస్తే శబ్దం ఎక్కువసేపు నిలుస్తుందని చాలామంది నమ్మకం. నేను రెండు రకాలుగానూ వాయించి చూశాను. చెవికి దొరికే తేడా నాకు కనిపించలేదు, చేతికి తగిలే తేడా మాత్రం కొంచెం ఉంది. ఒక శ్రుతికి తీగ ఎంత బిగువుండాలో దాని లావు, పొడవు నిర్ణయిస్తాయి. టెయిల్‌పీస్ ఎత్తు దాన్ని మార్చదు. మారేది బ్రిడ్జ్ దాటాక తీగ కిందికి వంగే కోణం. మరీ ఎక్కువగా వంగితే తీగ బ్రిడ్జ్ వెనక అంచుకు తగులుతుంది. అక్కడ రాసుకుని తెగుతుంది, పైగా ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి బ్రిడ్జ్ నడుం కుంగుతుంది. శుభలేఖ అట్టను సన్నగా కత్తిరించి తీగకూ ఆ వెనక అంచుకూ మధ్య దూర్చండి. ఆరు తీగల కిందా నలగకుండా దూరితే ఎత్తు సరిగ్గా ఉన్నట్టే. ఇరుక్కుంటే స్టడ్‌లు రెండింటినీ అర చుట్టు చొప్పున పైకి తిప్పండి. ముందు తీగలు కాస్త వదులు చేసుకోవడం మరిచిపోవద్దు.

ఇంకో జాగ్రత్త. ఈ స్టాప్ బార్‌ను చాలా గిటార్లలో తీగల బిగువే పట్టి ఉంచుతుంది. ఆరు తీగలూ ఒకేసారి విప్పేస్తే దిమ్మె జారి బాడీ మీద పడి పాలిష్ చెక్కుతుంది. ఒక్కొక్కటిగా మార్చుకోండి. ఎపిఫోన్ గిటార్లలో లాక్‌టోన్ రకం ఉంటే ఆ భయం తక్కువ, అది స్టడ్‌లను పట్టుకునే ఉంటుంది.

దిమ్మె జింకుదా, అల్యూమినియందా అన్న చర్చ కూడా నడుస్తుంటుంది. జింకు మిశ్రమం అల్యూమినియం కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. అల్యూమినియం వేస్తే గిటార్ కాస్త తేలికవుతుంది, శబ్దం కాస్త విప్పారినట్టు ఉంటుందని కొందరంటారు. నా మాట వింటే ఆ డబ్బు ముందు నట్ మీద, అంటే మెడ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ మీద, పెట్టండి. శ్రుతి తప్పడంలో ఎక్కువ పాపం నట్ గాడుల్లో తీగ ఇరుక్కోవడానిదే. పెన్సిల్ ములికి పొడి రాసినా ఎంతో నయం.

ఫెండర్ కంపెనీ టెలికాస్టర్ తరహాలో తీగలు బాడీ వెనక నుంచి చెక్కలోంచి ముందుకు వస్తాయి. అక్కడ టెయిల్‌పీస్ అంటే చెక్కే. 1950 నుంచి అదే పద్ధతి. మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనే పిల్లల తల్లిదండ్రులు ఏది తీసుకోమంటారని అడిగితే నేను దీన్నే చూపిస్తాను. తీగ తెగితే స్టేజీ మీద రెండు నిమిషాల్లో కొత్తది వేసుకోవచ్చు. పడినా తట్టుకుంటుంది.

బోలు గిటార్లకు వేసే ట్రపీజ్ గురించి రెండు మాటలు. మనలో చాలామంది మొదటి గిటార్‌కు వెనక తోకలా ఇనుప రేకు ఉండేది గుర్తుందా? బ్రిడ్జ్ చెక్కకు అతికించి ఉండదు, చెయ్యి తగిలితే జరిగిపోయేది. ఆ రేకు ఇదే కుటుంబం. పలచటి పైచెక్క స్టడ్‌ల లాగుడును మోయలేదు కాబట్టి బలాన్ని బాడీ చివరకు పంపిస్తారు. జాజ్ వాయించేవాళ్లకు ఆ గాలి నిండిన శబ్దం ఇష్టం. బ్రిడ్జ్ వెనక మిగిలే పొడవాటి తీగ మాత్రం వాయించనప్పుడు కూడా సన్నగా మోగుతుంది. అక్కడ ఒక చిన్న గుడ్డ పీలిక అల్లితే ఆగిపోతుంది. ఆ పొడవు వల్లే బెండ్‌కు వేలు ఇంకొంచెం ఎక్కువ దూరం లాగాలి. గమకాలు ఎక్కువగా వాయించేవాళ్లకు నేను దీన్ని చెప్పను.

ఊగేవి

ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) 1954లో తెచ్చిన బ్రిడ్జ్ ఇప్పుడు మన ఊళ్లో అమ్ముడయ్యే గిటార్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. బ్రిడ్జ్ ప్లేటు కింద ఒక బరువైన దిమ్మె, దానికి బాడీ వెనక గుంతలో స్ప్రింగులు. వీటి గురించి నేను భయపెట్టను, ఎందుకంటే దీన్ని మీకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ప్లేటు వెనక వైపు 3 మి.మీ. ఎత్తులో తేలేలా పెడితే కడ్డీతో శ్రుతి పైకీ కిందికీ పోతుంది. అలా కాకుండా వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన పంజా స్క్రూలు రెండూ బిగిస్తే ప్లేటు బాడీకి ఆనుకుని కూర్చుంటుంది. మూడు స్ప్రింగులు చాలకపోతే అయిదూ వేయండి. అప్పుడు కడ్డీతో కిందికి మాత్రమే పోతుంది. బెండ్ చేసినా పక్క తీగలు కదలవు, ఒకటి తెగినా మిగతావి నిలుస్తాయి. ఇంట్లో ఇప్పటికే స్ట్రాట్ రకం ఉంటే కొత్తది కొనకండి. ఒక స్క్రూడ్రైవర్, అరగంట ఓపిక చాలు.

బిగ్స్‌బీ వేరే దారి. పాల్ బిగ్స్‌బీ పేరు మీద వచ్చిన ఈ సామానులో తీగలు ఒక గుండ్రటి కడ్డీకి చుట్టుకుంటాయి, ఊపే కడ్డీ కింద ఒకే ఒక లావు స్ప్రింగ్. శ్రుతిని పాతాళానికి దింపలేదు. నీళ్ల మీద గాలి తాకినట్టు ఒక చిన్న అల లేపుతుంది, అంతే. కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) పట్టి చివర్లో మెల్లగా ఊపితే ఆ అందం ఇంకే బ్రిడ్జ్‌కీ రాదు. నాకు వినడానికి ఇదే అన్నిటికంటే ఇష్టం. తీగ మార్చడం మాత్రం ఒంటి చేత్తో పూలమాల కట్టినట్టు ఉంటుంది. ప్రతి తీగ చివరి గుండును చిన్న మేకుకు తగిలించి, కడ్డీ చుట్టూ తిప్పి, జారకుండా పట్టుకుంటూనే పైన కీ బిగించాలి. తీగ చివరను ముందే పెన్సిల్ చుట్టూ వంచి ఉంచుకుంటే పని సులువు. చదునైన బాడీకి బి5, వంపు తిరిగిన పైచెక్కకు బి7 రకం వస్తాయి. బాడీకి కొత్త రంధ్రాలు వేయడం ఇష్టం లేకపోతే పాత స్టడ్ రంధ్రాలకే బిగించే వైబ్రమేట్ రకం ప్లేట్లు దొరుకుతాయి.

ఇక ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్. 1970ల చివర్లో వచ్చింది, రాక్ గిటారిస్టు ఎడీ వాన్ హేలెన్ చేతిలో పేరు తెచ్చుకుంది. తీగ గుండును కత్తిరించి శాడిల్‌లో, అంటే బ్రిడ్జ్ మీద ఒక్కో తీగకు ఉండే చిన్న ముక్కలో, బిగిస్తారు, పైన నట్ దగ్గర మూడు బిళ్లలతో మళ్లీ బిగిస్తారు. రెండు చివరలా పట్టేయడం వల్ల కడ్డీని ఎంత తొక్కినా శ్రుతి తిరిగి వస్తుంది. మెటల్ వాయించేవాళ్లకు దీనికి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మన ఆర్కెస్ట్రా సంగతి చూడండి. గాయని వచ్చి "అర శ్రుతి దించండి, గొంతు బాగాలేదు" అంటుంది. స్టాప్ బార్ ఉన్నవాడు ఆరు కీలు తిప్పుకుని సిద్ధమవుతాడు. తేలే ఫ్లాయిడ్ ఉన్నవాడు నట్ బిళ్లలు విప్పాలి. ఒక తీగ దించితే మిగతావి పైకెక్కుతాయి, వాటిని దించితే మొదటిది మారుతుంది, చివరికి వెనక స్ప్రింగులు కూడా సర్దాలి. పాటకూ పాటకూ మధ్య ఇది అయ్యే పని కాదు. ఇంకో మాట ఖచ్చితంగా చెబుతాను: చవక గిటార్ మీద ఫ్లాయిడ్ నకలు కొనకండి. బ్రిడ్జ్ ఊగే కత్తి అంచు మెత్తటి లోహంతో చేసి ఉంటే అది త్వరగా అరిగిపోతుంది. అరిగాక శ్రుతి వెనక్కి రాదు. మంచి సామాను కొనే డబ్బు చేరేదాకా ఆగండి.

జాజ్‌మాస్టర్ రకం 1958 నుంచి ఉంది. దానికి మెత్తని ఊపు ఉంటుంది. మన వైపు చేతికి దొరకడమే తక్కువ కాబట్టి దాని జోలికి పోను.

మార్చుకోవాలనుకుంటే ముందు కొలవండి

ఈ పాఠం నాకు ఒక చెక్క చీలికతో వచ్చింది. ఆన్‌లైన్‌లో ఒక స్టాప్ బార్ తెప్పించాను, అన్ని గిటార్లకూ సరిపోతుందని రాసి ఉంది. స్టడ్ రెండు చుట్లు తిరిగి ఆగింది. రంగు పేరుకుని ఉంటుందిలే అని స్పానర్‌తో బలం పెట్టాను. టప్‌మని చిన్న చప్పుడు. చూస్తే లోపలి లోహపు బుష్ తిరిగి పైకి వచ్చేసింది, దాని చుట్టూ పాలిష్ కింద వెంట్రుక మందాన తెల్లటి గీత. చేతి వేలితో తడిమితే తెలుస్తోంది. కారణం తర్వాత తెలిసింది. ఆసియాలో తయారయ్యే చాలా గిటార్లకు 8 మి.మీ. మెట్రిక్ స్టడ్‌లు, వాటి మర 1.25 మి.మీ. చొప్పున ఉంటుంది. అమెరికన్ కొలతది అంగుళంలో పదహారో వంతులు అయిదు, అంటే 7.94 మి.మీ., అంగుళానికి 24 మరలు. కంటికి రెండూ ఒకటే. మొదటి రెండు చుట్లు కూడా తిరుగుతాయి. అందుకే చెబుతున్నాను, స్టడ్ చేత్తో తిప్పితే పోవాలి. పోకపోతే అది మీది కాదు.

కొలవాల్సినవి ఇంకా ఉన్నాయి. స్టాప్ బార్ స్టడ్‌ల మధ్య దూరం చాలావాటికి దాదాపు 82 మి.మీ., బ్రిడ్జ్ కాళ్ల మధ్య 74 మి.మీ. స్ట్రాట్ రకానికి ఆరు స్క్రూల వరుసలో మొదటి నుంచి చివరిదాకా పాత అమెరికన్ కొలత 56 మి.మీ., చవక రకాల్లో తరచుగా 52.5. సగం మి.మీ. తేడా కూడా ఆ స్క్రూలను వంకర చేస్తుంది. వెనక గుంత లోతూ చూడండి, పలచటి బాడీలో పెద్ద దిమ్మె మూతను దాటి బయటికి వస్తుంది.

టెయిల్‌పీస్ విప్పినప్పుడు ఒక స్టడ్ రంధ్రంలోంచి సన్నటి తీగ కనబడుతుంది. అది ఎర్త్ వైరు. మీ గిటార్ తీగలన్నీ దాని ద్వారానే ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలుస్తాయి. కొత్త సామాను వేశాక గుర్రుమనే చప్పుడు పెరిగితే, తీగలు ముట్టుకున్నా తగ్గకపోతే ఆ వైరు వదిలిపోయిందని అర్థం. జాతరల్లో, వీధి స్టేజీల మీద జనరేటర్ కరెంటుతో వాయించేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఎర్త్ సరిగా లేకపోతే చెయ్యి తీగల మీద, పెదవి మైక్ మీద ఉన్న క్షణంలో షాక్ కొడుతుంది. పాడేముందు మైక్ జాలీకీ గిటార్ తీగకూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడమని సౌండు అన్నను అడగండి. మొహమాటపడే విషయం కాదిది.

మే, జూన్‌ల చెమట మరో శత్రువు. అరచెయ్యి ఆనే చోట మెరుగు ముందు మసకబారుతుంది, తర్వాత పొక్కుతుంది. ఎత్తు సర్దే చిన్న స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుంటే ఏ టెయిల్‌పీసైనా ఒకటే. వాయించాక పొడిగుడ్డతో తుడవండి. స్క్రూల మీద ఏడాదికోసారి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు.

చిత్తూరు కుర్రాడికి కొత్త గిటార్ కొనమని నేను చెప్పలేదు. వాళ్ల నాన్న కొనిచ్చి ఆరు నెలలే అయింది. వాడిది బాడీలోకి దిగిన ఫ్లాయిడ్ రకం, స్ట్రాట్ లాగా ప్లేటును బాడీకి ఆనించడం కుదరదు. వెనక మూత తీసి, దిమ్మెకూ మెడ వైపు గోడకూ మధ్య ఖాళీని కొలిచాం. మా వీధి కార్పెంటర్ ఆ కొలతకు ఒక టేకు ముక్క కోసి, ఉప్పుకాగితంతో రుద్ది ఇచ్చాడు. అది స్ప్రింగుల కింద దూర్చి, పంజా స్క్రూలు ఒక చుట్టు బిగించి, శ్రుతి చేశాం. మూడో తీగ ఏడో ఫ్రెట్ దగ్గర పట్టి లాగమన్నాను. మొదటి తీగతో కలిసింది. తర్వాత కటింగ్ ప్లయర్ తీసుకుని సన్న తీగను నేనే కత్తిరించాను. వాడు ఉలిక్కిపడ్డాడు. మిగతా అయిదు తీగల మీద ఒక కార్డ్ వేయమన్నాను. వేశాడు, ఆగి మళ్లీ వేశాడు. "కదల్లేదన్నా" అన్నాడు.